మెడలో అట్టముక్క

"కొట్టు... సార్, కొట్టు..." అంటూ మా అటెండరు రొప్పుతూ స్టాఫ్‌రూములోకి వచ్చిపడితే, "కొట్టు తాళం నా దగ్గరెందుకుంటుందయ్యా, ఆఫీసులో అడుగు" అన్నాను తాపీగా, దిద్దుతున్న జవాబు పత్రం దించకుండానే. కొట్టంటే మా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో సామాన్ల గది. పటాలూ గ్లోబులూ విరిగిన బల్లలూ పడేసే చోటు. "తాళం కాదు సార్, కొట్టు!" అన్నాడతను డొక్కలు పట్టుకుని. "తీసే ఉందా? మరింకేం, కావలసింది తెచ్చుకో." మూడో ఊపిరికి గానీ ఆ మాటకు తోక మొలవలేదు. "కొట్టేస్తున్నారు సార్! గేటు దగ్గర, మన నిట్రాటని! చంపేసేలా ఉన్నారు!" నామవాచకం మీద నేను కాలు మీద కాలేసుకుని కూర్చున్న ఆ కాసేపట్లో బయట క్రియ జరిగిపోతోంది. మాటల మీద నాకున్నంత పట్టు ఇంకెవరికీ లేదని గొంతు చించుకుని చెప్పుకునేవాణ్ణి, ఆ ఒక్క మాట పట్టుకోలేకపోయాను. పత్రాలు ఎగిరిపడ్డాయి, చెప్పు ఒకటి ఊడింది, పరుగెత్తాను.

ఇప్పుడు ఆ కొట్టులోనే ఉన్నాం, నేనూ నిట్రాటా. గుంపులోకి తల దూర్చాను, ఎవరిదో మోచెయ్యి చెవి మీద పడింది, ఆ చెవిలో ఇంకా తుమ్మెద మోగుతోంది, వాడి చంక కింద చెయ్యి వేసి ఈడ్చుకొచ్చి కనిపించిన మొదటి తలుపులోకి తోసి గడియ పెట్టాను. ఈ గడియ ఎన్ని గడియలు ఆగుతుందో తెలీదు. తలుపుకు నా వీపు ఆన్చి నిలబడ్డాను. గుద్దులు తలుపుతో ఆగవు. చెక్కలోంచి వెన్నులోకి, వెన్నులోంచి పళ్ళలోకి దిగుతాయి. తలపుకి ఒక్క కొమ్ము తగిలిస్తే తలుపు, ఆ కొమ్ముతోనే ఇప్పుడు నన్ను కుమ్ముతున్నారు, చూశారా, నా బుర్ర ఇంతే, ప్రాణం పోతున్నా శ్లేష పోదు. "మీకు శ్లేష్మం కన్నా శ్లేషే ఎక్కువ పట్టింది, రెండూ పక్కవాళ్ళని నిద్రపోనివ్వవు" అంటుంది మా ఆవిడ. నిట్రాట పటాల చుట్టల మీద పడి ఉన్నాడు. అంత పొడుగు మనిషి, గుడిసెకు నిలబెట్టే రాటలా ఉంటాడని క్లాసులో పెట్టిన పేరు. ఇప్పుడు మడతలు పడి, కనుబొమ్మ చిట్లి, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కలోంచి ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు. మెడలో దారానికి అట్టముక్క వేలాడుతూనే ఉంది. దాని మీద నా దస్తూరీ. గుండ్రంగా, ముచ్చటగా, నల్లసిరాతో, దొంగ. రక్తం బొట్లు బొట్లుగా సున్నా మీదికి జారుతోంది.

"బయటికి తొయ్యండి సార్ వాణ్ణి!" "మెడలో రాసే ఉంది కదా, ఇంకా ఎవరి కోసం దాస్తున్నారు?" "మా అమ్మాయి సైకిలు మొన్నటికి మొన్న పోయింది, కొత్తది, బెల్లు కూడా మోగలేదు!" ఇది ఆడగొంతు, అన్నిటికన్నా పదును. "అది పాఠం రా బాబూ, పాఠం!" అని అరిచాను. "పాఠమా? పాఠం మేం చెప్తాం, నువ్వు తలుపు తియ్యి!" మీరు అన్నవాడు నువ్వు అన్నాడు. గౌరవవాచకం పోయిందంటే తరవాత పోయేది పళ్ళే.

పాఠమే, దేవుడా, నిజంగా పాఠమే. రేపు టీచర్లయ్యేవాళ్ళకి సమాజశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. ఈ నెలంతా మూడు సిద్ధాంతాలు: ప్రకార్యవాదం, సంఘర్షణ సిద్ధాంతం, ఇక మూడోది ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం, పేరు పూర్తిగా పలికేలోగా పీరియడు అయిపోతుంది. మొదటి రెండూ నోట్సు చెప్పాను. మూడోదానికి నోట్సు వద్దనుకున్నాను. మనుషులు ఒకరికొకరు అర్థాలు అంటగట్టుకుంటారు, నలుగురూ అంటగట్టిందే చివరికి వాడి చర్మమవుతుంది అని రాయించే బదులు అంటగట్టి చూపిద్దామనుకున్నాను. అట్టలు కత్తిరించాను. మేధావి, మొద్దు, రౌడీ, దొంగ. ప్రతి సోమవారం చీటీలు తీయాలి, ఎవరికొచ్చింది వాళ్ళు వారమంతా మెడలో వేసుకోవాలి, పొద్దున గంట నుంచి సాయంత్రం గంట దాకా తియ్యకూడదు, మిగతావాళ్ళు దానికి తగ్గట్టే మెలగాలి. శుక్రవారం, లోపల ఏం జరిగిందో నిలబడి చెప్పాలి. ఎంత మురిసిపోయానో. ఒక్క సంగతి మర్చిపోయాను. మా ఆవరణలోనే పిల్లల బడి ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళడానికి మధ్యాహ్నం పెద్దవాళ్ళంతా గేటు దగ్గరికి వస్తారు. ఆ పెద్దవాళ్ళు కూడా ఒకప్పుడు ఏదో ఒక బడిలో చదువుకున్నవాళ్ళే, పట్టుబడినవాడి మెడలో అట్ట రాసి తగిలించి వరండా వరండా తిప్పడం కళ్ళారా చూసినవాళ్ళే. బడిలో అట్ట కట్టారంటే నేరం రుజువైనట్టే. వాళ్ళు తప్పు చదవలేదు. నేను రాసింది రాసినట్టే చదివారు.

దడ్! పై చెక్క అదిరింది, మట్టి రాలి నోట్లో పడింది. ఎదురుగా మూలలో సున్నపు మనిషి బొమ్మ నా వంక చూస్తోంది, పొట్ట తెరుచుకుని, ఊపిరితిత్తులు తీసి పెట్టేవి, పేగులు తీసి పెట్టేవి, కాలేయం ఎవడో ఏనాడో ఎత్తుకుపోయాడు. మొదటి సిద్ధాంతానికి ఏటా దీన్నే క్లాసుకి మోసుకెళ్తాను. సమాజం ఒక శరీరం నాయనా, బడి అందులో ఒక అవయవం, పిల్లల్ని ఒక్క అచ్చులో పోసి, జల్లించి, ఎవణ్ణి ఏ పనిలో పెట్టాలో అక్కడ పెట్టడం దాని విధి, తప్పు చేసినవాణ్ణి అందరూ కలిసి శిక్షించినప్పుడు అందరి కుట్లూ బిగుస్తాయి. మా ప్రిన్సిపాలుకి ఈ సిద్ధాంతమంటే ప్రాణం. "ఏది ఎలా ఉన్నా వ్యవస్థ నడవాలి మాస్టారూ" అంటాడు, నడిచేది ఎవరి మీద అని అడగడు. బయట చూడండి, నడుస్తోంది. నిన్నటిదాకా బండి నిలుపుకునే చోటు కోసం ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నవాళ్ళు, ఇవాళ ఒకే గొంతు. అదిగో ఒకడు "ఒకటీ రెండూ" అంటున్నాడు, అందరి భుజాలూ ఒక్కసారే తలుపుకి తగులుతున్నాయి. తల్లిదండ్రుల సమావేశానికి పిలిస్తే పదిమంది రారు; ఇంత ఐకమత్యం మా సంస్థ పుట్టాక చూడలేదు. ఆ ఐకమత్యం కుట్టడానికి వాడిన సూది నిట్రాట పక్కటెముక. సిద్ధాంతం తప్పని అనను. సూదిని అడగమంటాను.

దెబ్బ, మళ్ళీ దెబ్బ, ఈ చప్పుడు నాకు కొత్త కాదు, ఇది నా ఎనిమిదో ఏటి చప్పుడు. బడి పక్కన 'తె' చేరితే బడితె. 'తె' అంటే తెలివి అనుకుని మా నాన్న నన్ను పంపాడు. లెక్కల మాస్టారు నా మెడ వంచి, వీపు మీద చొక్కా ఎత్తి, ఒక్కో తప్పు లెక్కకీ ఒక్కో దెబ్బ, మధ్యమధ్యలో "మొద్దు, మొద్దు, మొద్దు," తాళం తప్పకుండా. మోకాళ్ళ మీదికి ఉచ్చ కారుతోంది. క్లాసంతా చూస్తోంది, ఆ చూపుల వేడి దెబ్బకన్నా మంట. అప్పుడు ఎక్కణ్ణించి వచ్చిందో, "మొద్దుని కొడితే పొట్టు రాలుతుంది గానీ లెక్క రాలదండీ మాస్టారూ" అన్నాను. క్లాసు ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు, నవ్వి, ఇంకా గట్టిగా కొట్టాడు. కానీ ఆ రోజు నుంచి నేను మొద్దుని కాను, నవ్వించేవాణ్ణి. అదీ అట్టే. నలభై ఏళ్ళుగా మెడలో ఉంది, పెళ్ళిలో ఉంది, ఉద్యోగంలో ఉంది, మా అమ్మ పోయిన రోజున పరామర్శకొచ్చినవాళ్ళు కూడా నా నోటివంక ఆశగా చూశారు. మూడో సిద్ధాంతం నాకు పుస్తకంలోంచి రాలేదు, వీపులోంచి వచ్చింది. అంత తెలిసినవాణ్ణి, కత్తెర పట్టుకుని కూర్చుని అట్టలు కత్తిరించాను.

"సార్." నిట్రాట పెదవి కదిలింది. పన్ను ఒకటి లేదు. "మాట్లాడకురా నాయనా, ఊపిరి దాచుకో." "సైకిలు పడిపోయింది సార్. ఎవరో చిన్నపిల్లది. లేపి నిలబెడుతున్నా." "ఊఁ." "పాఠమని చెప్పాను సార్ వాళ్ళకి. నవ్వారు." "అట్ట తీసి పారెయ్యాల్సింది కదరా వెధవా!" అరిచాను, వాడి మీద అరిచాను, ఆ స్థితిలో ఉన్నవాడి మీద. వాడు తెరిచి ఉన్న ఒక్క కన్నుతో నన్ను వింతగా చూశాడు. "గంట కొట్టేదాకా తియ్యకూడదన్నారు కదా సార్ మీరు."

గంట కొట్టేదాకా. మెడ మీద కర్రలు పడుతున్నా, చేతులు అడ్డం పెట్టుకున్నాడు గానీ దారం ముట్టుకోలేదు. ఇంత బాగా చదువుకున్నవాణ్ణి నేను చూడలేదు.

పోయిన వారం ఇదే అట్ట అత్తరు మెడలో ఉంది. కాంట్రాక్టరు గారబ్బాయి, క్లాసులోకి వాడికన్నా ముందు వాడి వాసన వస్తుంది, అందుకని అత్తరు. ఇదే దారం, ఇదే సిరా, ఇదే గేటు. సైకిల్ స్టాండువాడు వాణ్ణి చూసి, "ఏం దొరా, ఏం దొంగిలించారు, అమ్మాయిల మనసులా?" అని సలాము కొట్టాడు. వారమంతా వాడు పెళ్ళికొడుకులా తిరిగాడు. శుక్రవారం నిలబడి "భలే సరదాగా ఉంది సార్" అన్నాడు, నేనూ నవ్వి, అట్ట తీసి దాచాను. ఈ సోమవారం ఆ చీటీ నిట్రాటకొచ్చింది. రబ్బరు చెప్పులు, మెడ దగ్గర చిరిగి తిప్పి కుట్టిన చొక్కా, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే తల్లి. వాడు అట్ట వేసుకుంటుంటే క్లాసులో ఒక్కరూ నవ్వలేదు. ఒకమ్మాయి తన సంచి కాళ్ళ దగ్గరికి జరుపుకుంది. అది నేను చూశాను. చూసి బోర్డు తుడుచుకున్నాను. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు గానీ, అత్తరు దొరికినా దొరే. సంఘర్షణ అన్న మాటలో సంఘమూ ఉంది, ఘర్షణా ఉంది, ఒకే 'ఘ' మీద కూర్చుని ఇద్దరూ కొట్టుకుంటుంటారు అని క్లాసులో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. బడి అందరికీ ఒకే మెట్లు వేస్తుంది, కొందరు మేడ మీద పుట్టి ఆ మెట్లు దిగి వస్తారు, కొందరు ఎక్కలేక పడితే 'వీడికి చదువబ్బలేదు' అని బడే రాసిస్తుంది, అదే రెండో సిద్ధాంతం. చీటీలు న్యాయంగా తీశాను, కళ్ళకు గంతలు కూడా కట్టించాను. చీటీకి కళ్ళు లేవు. గేటుకి ఉన్నాయి.

ఫెళ్ళుమని పై పలక పగిలింది. పెచ్చు నా చెంప కోసుకుంటూ పోయింది. కన్నంలోంచి చెయ్యి వచ్చింది, మోచేతి దాకా, గీరుకుపోయి రక్తం కారుతూ, గుడ్డిపాములా గడియ కోసం తడుముతోంది. బొటనవేలికి గోరు లేదు. నాకు తెలుసు ఆ చెయ్యి, రోజూ పొద్దున నాకు టోకెను ఇచ్చే చెయ్యి, సైకిల్ స్టాండువాడిది. సైకిలు పోయినప్పుడల్లా అందరూ వాణ్ణే అనుమానిస్తే నోరెత్తని చెయ్యి. ఇవాళ వాడికి వేరే దొంగ దొరికాడు, ప్రాణం లేచొచ్చింది పాపం. పటాలు తగిలించే ఇనుప కమ్మీ నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలీదు. కొట్టాను. సుద్దముక్క విరిగిన చప్పుడు. అవతల ఒక కేక, జంతువు కేక. చెయ్యి వెనక్కి పోతోంది, వేళ్ళు వేలాడుతూ, కన్నం అంచుకి తగులుతూ, పోతోంది. మళ్ళీ కొట్టాను. ఆ రెండో దెబ్బ అవసరం లేదు. కొడుతుంటే ఎంత బాగుందంటే, మూడోది కొట్టడానికి చెయ్యి లేదే అని దుఃఖం వచ్చింది. లెక్కల మాస్టారు ఎందుకు ఆపలేకపోయేవాడో నలభై ఏళ్ళకి అర్థమైంది. తలుపుకి ఇటు ఒకణ్ణి, అటు అందరూ, ఇంతే తేడా. రండిరా, ఇంకో చెయ్యి పెట్టండిరా, సిద్ధాంతాలన్నీ చెప్తాను, పెట్టండి!

"సార్, సార్, వద్దు సార్." నిట్రాట పాక్కుంటూ వచ్చి నా కాలు పట్టుకున్నాడు. నన్ను ఆపడానికా, తనకి ఆసరాకా, రెండూనా. కమ్మీ దించాను. వాడి పక్కన చతికిలబడి, వీపు తలుపుకీ కాళ్ళు బల్లకీ తన్నిపెట్టాను. గుద్దులు వాడికీ నాకూ కలిపి తగులుతున్నాయి. వాడు ఏదో చెప్తున్నాడు, మంచి చెవి వాడి నోటి దగ్గర పెట్టాను. "మొదటి రెండ్రోజులూ నవ్వొచ్చింది సార్. నిన్న లైబ్రరీలో నా పెన్నే నేను తీసుకుంటూ చుట్టూ చూశాను. జేబులో పెట్టుకుంటుంటే గుండె కొట్టుకుంది. ఇంటికెళ్తే అమ్మ, ఏంట్రా అలా నక్కి నడుస్తున్నావంది." దగ్గు వచ్చింది, ఎర్రగా. "శుక్రవారం చెప్పాల్సింది ఇదేనా సార్? ఇది సరిపోతుందా?"

సరిపోతుందిరా. నూటికి నూరు. నా నోటికి శ్లేష కూడా రావడంలేదు, చెంప మీద రక్తమో నీళ్ళో నోట్లోకి ఉప్పగా దిగుతోంది. వాడి ఊపిరికీ ఊపిరికీ మధ్య సందు పెద్దదవుతోంది. కన్ను మూయకురా. మాట్లాడు. మీ అమ్మ పేరు చెప్పు. మూడు సిద్ధాంతాలకీ తేడాలు చెప్పు, ఏదో ఒకటి చెప్పు. "మొదటిది... అవయవం సార్..." అన్నాడు. తల నా భుజం మీద వాలింది, బరువుగా, వెచ్చగా. వాడి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఉంది. సన్నగా ఉంది. ఇక్కడ ఇంకాసేపు ఉంటే ఉండదు. తలుపు తీస్తే వాళ్ళు చంపుతారు, తియ్యకపోతే నేను చంపుతాను.

అప్పుడు ఈలలు, లాఠీలు, బూట్ల పరుగు. గుద్దులు చెదిరి, పలచబడి, ఆగాయి. ప్రార్థన చేయించే మైకు గరగరమంది. "మాస్టారూ, పోలీసులొచ్చారు, తలుపు తియ్యండి" అని ప్రిన్సిపాలు గొంతు. గడియ వంగిపోయి ఉంది, రెండు చేతులతో లాగితే గానీ రాలేదు. వెలుతురు కత్తిలా కళ్ళలోకి దిగింది. గుంపు ఎక్కడికీ పోలేదు. పోలీసుల వెనక నిలబడి ఉంది, రొప్పుతూ, కర్రలు కిందికి దించి, పని పూర్తి చెయ్యనివ్వలేదన్న అసంతృప్తితో. ప్రిన్సిపాలు మైకు నా గుప్పిట్లో కుక్కాడు. "మీరు పెట్టిన ముహూర్తం, మీరే చెప్పండి. ఒక్క ముక్కలో చెప్పండి. మీ పదవిన్యాసాలొద్దు, చేతులు జోడిస్తాను."

చెప్పాను. "ఇతను దొంగ కాదు. మా విద్యార్థి. రేపు మీ పిల్లలకి టీచరు కావలసినవాడు. ఈ అట్ట రాసింది నేను. మనిషికి ఒక పేరు తగిలిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలని క్లాసులో చీటీలు తీశాం. ఎవరికొస్తే వాళ్ళు వేసుకోవాలి. ఇతనికి ఈ మాట వచ్చింది. పడిపోయిన సైకిలు లేపడానికి వంగాడు, అంతకుమించి ఏమీ చెయ్యలేదు. మీకెవరికీ ముందుగా చెప్పలేదు. తప్పు నాది." మాటలు ఆవరణ చివరి గోడ దాకా వెళ్ళి తగిలి వెనక్కి వచ్చాయి. ఎవరో "అయ్యో" అన్నారు. ఎవరో "అదా సంగతి" అన్నారు. ఒకడు కర్రని గోడకి ఆన్చి, అది తనది కాదన్నట్టు రెండడుగులు పక్కకి జరిగాడు. తరవాత వాళ్ళే వచ్చారు, ఆ చేతులే. "తల జాగ్రత్త, తల పట్టుకో" అన్న గొంతు ఇందాక తల మీద వెయ్యమన్న గొంతే. ఒకడు కాళ్ళు, ఒకడు నడుం, పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి పోలీసు వ్యాను దాకా మోశారు. నిట్రాట కన్ను ఒకసారి తెరుచుకుంది, తనని మోస్తున్న మొహాలు చూసి ఒళ్ళంతా బిగుసుకుపోయింది. అరవడానికి కూడా ఓపిక లేదు వాడికి.

సైకిలు పోయిన అమ్మాయి తల్లి నా పక్కకి వచ్చి నిలబడింది. చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంటోంది. నిజమైన కన్నీళ్ళే. "పాపం, ఎంత మంచి పిల్లాడండీ. దెబ్బలు తింటూ కూడా ఒక్క తిట్టు తిట్టలేదు" అంది. నేను తలూపాను. "ఆ మాట కాస్త ముందే చెప్పాల్సింది కదండీ మాస్టారూ," అంది ముక్కు చీదుకుంటూ, "ఇతన్ని వదిలేసి అసలువాణ్ణి పట్టుకుని కొట్టేవాళ్ళం కదా."

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆవిడ మాట ఆవరణంతా వినిపించింది. ఎవరూ కాదనలేదు.